వేరుశిలీంధ్రాలు – పంట మొక్కలకు నత్రజని అందే దారి

1. పరిచయం

విశాఖపట్నం ఓడరేవు పేరు చెప్పగానే ఇనుప ఖనిజం, కోకింగ్ బొగ్గు గుర్తుకు వస్తాయి. అక్కడ దిగే సరుకుల్లో రైతుకు నేరుగా సంబంధించినవి వేరే ఉన్నాయి: రాక్ ఫాస్ఫేట్, గంధకం, ద్రవ అమ్మోనియా, తయారైన ఎరువులు. 1967లో ఉత్పత్తి మొదలుపెట్టిన కోరమాండల్ ఎరువుల కర్మాగారం ఇలాంటి ముడిసరుకులతోనే గ్రోమోర్ సంచులు నింపుతుంది. ఉక్కు కర్మాగారం కూడా ఒక విధంగా ఎరువుల కర్మాగారమే. బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వెలువడే వాయువులో అమ్మోనియా ఉంటుంది. దాన్ని గంధకామ్లంలో పట్టి అమ్మోనియం సల్ఫేట్‌గా మారుస్తారు. ఇందులో నత్రజని సుమారు 21 శాతం, యూరియాలో 46 శాతం.

ఇంత శ్రమతో తెచ్చిన నత్రజని పొలంలో పడ్డాక ఏమవుతుంది? ధాన్యపు పంటల్లో వేసినదానిలో సగమైనా మొక్కకు అందకపోవడం మామూలే. కొంత నీటితో పాటు కిందికి ఇంకిపోతుంది, కొంత వాయువుగా మారి గాలిలో కలుస్తుంది, కొంత సూక్ష్మజీవుల దేహాల్లో చిక్కుకుంటుంది. సంచి ధర చెల్లించిన రైతుకు ఇది నష్టం. భూగర్భజలంలో చేరిన నైట్రేట్ ఊరందరికీ నష్టం.

ఈ నేపథ్యంలో 'వేరుశిలీంధ్రాలు వాడండి, నత్రజని ఖర్చు తగ్గుతుంది' అనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాటలో నిజం ఎంత, అతిశయోక్తి ఎంత అన్నది ఈ పాఠంలో తెలుసుకుందాం. ముందే ఒక విషయం గుర్తుపెట్టుకోండి: వేరుశిలీంధ్రం నత్రజనిని తయారుచేయదు. మట్టిలో ఉన్నదాన్ని మోసుకొస్తుంది. దీని తరవాత చెప్పబోయేదంతా ఈ ఒక్క తేడా మీదే ఆధారపడి ఉంది.

2. స్థాపన వేరు, రవాణా వేరు

గాలిలో 78 శాతం నత్రజని వాయువే. అయినా మొక్క దాన్ని వాడుకోలేదు. నత్రజని అణువులోని రెండు పరమాణువుల మధ్య ఉన్న త్రిబంధాన్ని తెంచే నైట్రోజినేజ్ అనే ఎంజైము మొక్కలకు గాని, జంతువులకు గాని, శిలీంధ్రాలకు గాని లేదు. అది కొన్ని బ్యాక్టీరియాలకూ, వాటి కోవకు చెందిన కేంద్రకపూర్వ జీవులకూ మాత్రమే ఉంది. పెసర, మినుము, వేరుశనగ వేళ్ల మీద బుడిపెల్లో ఉండే రైజోబియం చేసే పని అదే. దాన్ని నత్రజని స్థాపన అంటారు.

పరీక్ష పత్రాల్లో 'మైకోరైజా నత్రజని స్థాపన చేస్తుంది' అనే వాక్యం తరచుగా కనబడుతుంది. అది తప్పు. రైజోబియం, మైకోరైజా రెండూ వేరులోనే ఉంటాయి, రెండూ మొక్క నుంచి చక్కెర తీసుకుంటాయి, రెంటినీ జీవన ఎరువుల పేరుతోనే అమ్ముతారు కాబట్టి ఈ గందరగోళం. రైజోబియం ఇంటికి కొత్త ఆదాయం తెచ్చే మనిషి అనుకుంటే, వేరుశిలీంధ్రం మూలమూలలా పడి ఉన్న చిల్లర ఏరి తెచ్చే మనిషి. ఇంట్లో చిల్లరే లేకపోతే రెండోవాడు చేయగలిగింది ఏమీ లేదు.

'మైకోరైజా' అనే పేరు పెట్టినది జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్, 1885లో. గ్రీకు భాషలో శిలీంధ్రం, వేరు అనే రెండు మాటల కలయిక అది. ట్రఫుల్ అనే ఖరీదైన శిలీంధ్రాన్ని సాగుచేయవచ్చా అని పరిశీలించే పని మీద ఉండి ఆయన ఈ సంబంధాన్ని గమనించాడు. ఈయన పేరు మనకు సరుగుడు తోటలో మళ్లీ తగులుతుంది.

3. వేరులోపల, వేరు బయట

పంట మొక్కల్లో కనిపించే ప్రధాన రకం ఆర్బస్క్యులర్ వేరుశిలీంధ్రం. నేల మొక్కల జాతుల్లో సుమారు 70 నుంచి 80 శాతం దీనితో సహజీవనం చేస్తాయి. వరి, మొక్కజొన్న, చెరకు, చోడి, వేరుశనగ, మిరప, మామిడి, కాఫీ అన్నీ ఈ జాబితాలోనివే. ఈ సంబంధం చాలా పాతది. స్కాట్లండ్‌లోని రైనీ శిలల్లో దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లో కూడా ఇలాంటి నిర్మాణాలు కనిపించాయి. అప్పటికి మొక్కలకు సరైన వేళ్లే లేవు. ఉక్కు కర్మాగారానికి వచ్చే బొగ్గు ఏ అడవుల నుంచి ఏర్పడిందో ఆ అడవులకంటే ఈ స్నేహం పాతదన్న మాట.

శిలీంధ్రం సిద్ధబీజం మొలకెత్తి తంతువుగా సాగి, వేరు బాహ్యచర్మాన్ని దాటి వల్కలంలోకి ప్రవేశిస్తుంది. అక్కడ కణకవచాన్ని చీల్చుకుని లోపలికి పోయి చిన్న చెట్టులా శాఖలు వేస్తుంది. దాన్నే ఆర్బస్క్యూల్ అంటారు. కణకవచం దాటినా కణంలోని ప్లాస్మాత్వచాన్ని మాత్రం అది చీల్చదు. ఆ త్వచం ప్రతి శాఖ చుట్టూ ముడతలు పడి తొడుగులా పరుచుకుంటుంది. సరుకుల మార్పిడి జరిగేది ఈ తొడుగు దగ్గరే. ఒక్కొక్క ఆర్బస్క్యూల్ కొన్ని రోజులే బతుకుతుంది, తరవాత కూలిపోతుంది, మరోచోట కొత్తది పుడుతుంది. కొన్ని జాతులు వేరులో కొవ్వు నిలవచేసే తిత్తులు కూడా ఏర్పరుస్తాయి. వాటిని వెసికిల్స్ అంటారు. అన్ని జాతుల్లోనూ అవి ఉండవు కాబట్టి శాస్త్రగ్రంథాలు 'వ్యామ్' అనే పాత పేరును వదిలేశాయి. దుకాణాల్లో పొట్లాల మీద మాత్రం అది అలాగే నిలిచిపోయింది.

వేరు బయటి భాగం మన విషయానికి ఇంకా ముఖ్యం. మూలకేశం వేరు నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరం పోగలదు. శిలీంధ్ర తంతువులు కొన్ని సెంటీమీటర్ల దూరం పోతాయి. వాటి మందం 2 నుంచి 10 మైక్రోమీటర్లే కాబట్టి మూలకేశం దూరలేని సందుల్లోకి కూడా చొరబడతాయి. ఒక గ్రాము మట్టిలో కొన్ని మీటర్ల పొడవు తంతువులు ఉండటం మామూలే.

ఈ సేవ ఉచితం కాదు. కిరణజన్య సంయోగక్రియలో మొక్క తయారుచేసుకున్న కర్బనంలో సుమారు 4 నుంచి 20 శాతం దాకా శిలీంధ్రానికి పోతుంది. అది చక్కెరల రూపంలోనే పోతుందని చాలాకాలం అనుకున్నారు. కొవ్వు ఆమ్లాలు కూడా మొక్కే సరఫరా చేస్తుందని 2017లో తేలింది. ఈ జమాఖర్చు మళ్లీ అవసరమవుతుంది, మరచిపోకండి.

4. ఒక నత్రజని పరమాణువు ప్రయాణం

మట్టిలో మొక్కకు పనికివచ్చే నత్రజని ముఖ్యంగా రెండు రూపాల్లో ఉంటుంది. నైట్రేట్ రుణావేశం గలది. బంకమట్టి రేణువులూ రుణావేశం గలవే కాబట్టి అది వాటికి అంటుకోదు, నీటితో పాటు కదిలి వేరు దగ్గరికి తానే వస్తుంది. అందుకే పదునున్న నేలలో నైట్రేట్ కోసం తంతువుల సాయం అంతగా అవసరం పడదు. అమ్మోనియం ధనావేశం గలది. అది రేణువులకు అతుక్కుని చాలా నెమ్మదిగా కదులుతుంది. దాని దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లాలి. నేల ఎండుతున్నప్పుడు నైట్రేట్ విషయంలోనూ ఇదే పరిస్థితి, నీటి పొర తెగిపోతే అది కూడా కదలలేదు. వర్షాధారపు పొలాల్లో వేరుశిలీంధ్రాల విలువ పెరగడానికి ఇది ఒక కారణం.

తంతువు కొన అమ్మోనియాన్ని గాని నైట్రేట్‌ను గాని పీల్చుకుంటుంది. నైట్రేట్ అయితే ముందుగా అమ్మోనియంగా క్షయకరణం చెందుతుంది. అమ్మోనియం ఎక్కువగా పేరుకుంటే విషం. కాబట్టి శిలీంధ్రం దాన్ని వెంటనే గ్లుటమిన్‌లో కలుపుతుంది, ఆ తరవాత ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లంగా మారుస్తుంది. ఆర్జినిన్‌నే ఎందుకు ఎంచుకుంది? ఒక అణువులో ఆరు కర్బన పరమాణువులకు నాలుగు నత్రజని పరమాణువులు ఇమిడి ఉన్నాయి. తక్కువ కర్బనంతో ఎక్కువ నత్రజనిని మోయడానికి ఇంతకంటే అనువైన అమైనో ఆమ్లం లేదు. పైగా అది ధనావేశం గలది. భాస్వరాన్ని మోసే పాలీఫాస్ఫేట్ గొలుసు రుణావేశం గలది. రెండూ తంతువులో కలిసి ప్రయాణించగలవు.

వేరులోపలి తంతువులకు చేరాక ఆర్జినిన్ విడిపోతుంది. ఆర్జినేజ్ అనే ఎంజైము దాని నుంచి యూరియాను విడదీస్తుంది, యూరియేజ్ ఆ యూరియాను మళ్లీ అమ్మోనియంగా మారుస్తుంది. సంచిలో మనం కొనే యూరియా, పొలంలో దానికి పట్టే గతి రెండూ ఒక వెంట్రుక కంటే ఎంతో సన్నని ఈ గొట్టంలోపల కూడా జరుగుతున్నాయి! అమ్మోనియం అలా ఆర్బస్క్యూల్ దగ్గర బయటికి వస్తుంది, మొక్క తొడుగు త్వచంలోని ప్రత్యేక వాహకాలు దాన్ని లోపలికి లాక్కుంటాయి. కర్బనం శిలీంధ్రంతోనే ఉండిపోతుంది, నత్రజని మాత్రమే చేతులు మారుతుంది.

ఈ దారిని 2005లో 'నేచర్' పత్రికలో మంజుల గోవిందరాజులు, సహపరిశోధకులు వెల్లడించారు. వారి పద్ధతి తెలుసుకోదగ్గది. రెండు గదులున్న పళ్లెంలో ఒకవైపు క్యారెట్ వేళ్లు, శిలీంధ్రం పెంచారు. మధ్య గోడ దాటి రెండో గదిలోకి తంతువులను మాత్రమే పోనిచ్చారు. ఆ గదిలో నత్రజని-15, కర్బనం-13 అనే భార ఐసోటోపులతో గుర్తుపెట్టిన పదార్థాలు ఉంచి, ఏ గుర్తు ఎక్కడ తేలిందో చూశారు.

మట్టిలోని నత్రజనిలో అధికభాగం అమ్మోనియంగానో నైట్రేట్‌గానో ఉండదు. కుళ్లుతున్న ఆకు, పేడ, చచ్చిన సూక్ష్మజీవులలో బందీగా ఉంటుంది. కుళ్లుతున్న గడ్డి ఆకుల దగ్గరికి వేరుశిలీంధ్రాన్ని మాత్రమే చేరనిస్తే అవి త్వరగా శిథిలమై, అందులోని నత్రజని మొక్కకు చేరిందని ఏంజెలా హాడ్జ్ బృందం 2001లో చూపింది. అయితే ఈ శిలీంధ్రాల జన్యుసమాచారాన్ని చదివినప్పుడు సెల్యులోజ్, లిగ్నిన్ వంటివాటిని విడగొట్టే ఎంజైములు వాటికి దాదాపు లేవని తెలిసింది. కుళ్లబెట్టే పని తంతువుల చుట్టూ చేరిన బ్యాక్టీరియాలదనీ, అవి విడుదల చేసిన అమ్మోనియాన్ని శిలీంధ్రం వెంటనే అందుకుంటుందనీ ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పెసర వేళ్లలో వేరుశిలీంధ్రం బాగా ఉంటే బుడిపెల్లో నత్రజని స్థాపన పెరుగుతుంది. శిలీంధ్రానికి నైట్రోజినేజ్ లేదు కదా, మరి ఇది ఎలా సాధ్యం? కింది పేరా చదవకముందు రెండు వాక్యాల్లో జవాబు రాయండి.

జవాబు భాస్వరంలో ఉంది. ఒక నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి రైజోబియంకు కనీసం 16 ఏటీపీ అణువులు ఖర్చవుతాయి. ఏటీపీకి భాస్వరం కావాలి. ఎర్ర నేలల్లో భాస్వరం ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లకు పట్టుబడి దాదాపు కదలదు. దాన్ని ఏరి తేవడంలో వేరుశిలీంధ్రాన్ని మించినది లేదు, అసలు దాని ప్రధానమైన పని అదే. కాబట్టి కాయధాన్యపు పంటలో శిలీంధ్రం భాస్వరం తెస్తుంది, బ్యాక్టీరియా నత్రజని కడుతుంది, మొక్క ఇద్దరికీ అన్నం పెడుతుంది.

5. ఎంత నత్రజని ఈ దారిన వస్తుంది?

ఈ ప్రశ్నకు ఒకే సంఖ్య చెప్పేవారిని నమ్మకండి. వరిలో ఆర్బస్క్యూల్ ఉన్న కణాల్లో పనిచేసే ఒక నైట్రేట్ వాహకాన్ని 2020లో చైనా శాస్త్రజ్ఞులు గుర్తించారు. నియంత్రిత పరిస్థితుల్లో వరి పీల్చుకున్న నత్రజనిలో 40 శాతానికి పైగా శిలీంధ్రం దారినే రాగలదని వారు అంచనా కట్టారు. ఆకర్షణీయమైన సంఖ్యే. కాని అది ఎంపిక చేసిన శిలీంధ్రంతో, కుండీల్లో పెంచిన మొక్కలది. నీరు నిలిచిన మాగాణిలో గాలి చాలక శిలీంధ్రం బాగా తగ్గిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. శిలీంధ్రం తెచ్చినదంతా మొక్కకు ఇవ్వదు. దాని దేహంలో ప్రొటీన్లు ఉన్నాయి, కణకవచంలోని కైటిన్‌లోనూ నత్రజని ఉంది. నేలలో నత్రజని మరీ తక్కువైతే అది తన అవసరానికే ఉంచుకుంటుంది. అప్పుడు మొక్క చక్కెర పోగొట్టుకుంటుంది, ప్రతిఫలం అందదు. భాస్వరం తక్కువగా ఉండి, నత్రజని ఒక మోస్తరుగా ఉన్న నేలలోనే ఈ బేరం మొక్కకు ఎక్కువ లాభం. 'పేద నేలకు శిలీంధ్రం మందు' అనే ప్రచారం ఈ షరతును దాచేస్తుంది.

6. విశాఖ తీరం నుంచి మన్యం దాకా

ఇప్పుడు ఈ విషయాలను ఉత్తరాంధ్ర నేలల మీద పెట్టి చూద్దాం.

భీమిలి వైపు తీరం వెంట ఇసుక నేలల్లో సరుగుడు తోటలు మీరు చూసి ఉంటారు. ఆ ఇసుకలో సేంద్రియ పదార్థం లేనట్టే. అయినా సరుగుడు ఎదుగుతుంది. దాని వేళ్ల మీద బుడిపెలు ఉంటాయి, అందులో రైజోబియం ఉండదు, ఫ్రాంకియా అనే తంతురూప బ్యాక్టీరియా ఉంటుంది. తంతువుల్లా ఉండటం వల్ల ఒకప్పుడు దాన్ని శిలీంధ్రమనే అనుకున్నారు. మైకోరైజాకు పేరు పెట్టిన ఫ్రాంక్ గౌరవార్థమే దానికి ఆ పేరు వచ్చింది. నత్రజని స్థాపన చేసేది ఫ్రాంకియా. అదే వేళ్లలో వేరుశిలీంధ్రం కూడా ఉండి భాస్వరం, నీరు అందిస్తుంది. రవాణా చేసేవారు, తయారుచేసేవారు ఒకే వేరు మీద విడివిడిగా కనిపించే ఇంతకంటే మంచి ఉదాహరణ మనకు దగ్గరలో లేదు. సరుగుడు రాలిన ఆకుల పొరలోని నత్రజనిని మళ్లీ చెట్టుకు చేర్చడంలో శిలీంధ్రానికి వాటా ఉంటుంది, ఆ నత్రజని మొదట ఇసుకలోకి వచ్చింది మాత్రం ఫ్రాంకియా వల్ల.

అనకాపల్లి చెరకు ప్రాంతం. ఇక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం 1913 నాటిది. చెరకు నత్రజని ఎక్కువ కోరే పంట, వేళ్లలో శిలీంధ్రం బాగా చేరే పంట కూడా. మొక్క తోటకూ కార్శి తోటకూ ఇక్కడ ఒక తేడా ఉంది. దుక్కి దున్నినప్పుడల్లా తంతువుల వల తెగిపోతుంది. కార్శిలో నేలను మళ్లీ లోతుగా దున్నరు కాబట్టి పాత వల చాలావరకు నిలుస్తుంది, కొత్త వేళ్లకు అది వెంటనే అందివస్తుంది. చెరకు చెత్తను తగలబెడితే అందులోని నత్రజని పొగలో పోతుంది. నేల మీద కప్పితే నిలుస్తుంది. కాని చెత్తలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. అందుకని మొదట కుళ్లబెట్టే బ్యాక్టీరియాయే నేలలోని నత్రజనిని పట్టేసుకుంటుంది, కొంతకాలం తరవాతే విడుదల చేస్తుంది. శిలీంధ్రం ఉన్నా ఈ నిరీక్షణ తప్పదు. ఆ సమయంలో యూరియా పూర్తిగా మానేయమని చెప్పడం రైతుకు చేటు.

వరిలో పద్ధతిని బట్టి ఫలితం మారుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పొడి దుక్కిలో విత్తనం ఎద చల్లుతారు. నీరు నిలవకముందు ఆ కొద్ది వారాల్లో శిలీంధ్రం వేళ్లలో చేరడానికి వీలుంటుంది. దమ్ము చేసి నాటిన పొలంలో ఆ అవకాశం తక్కువ. వరి కోసిన తరవాత మినుము, పెసర వేస్తే శిలీంధ్రానికి మళ్లీ ఆతిథేయి దొరుకుతుంది. సజీవమైన వేరు లేనిదే ఇది పెరగలేదు. నెలల తరబడి బీడుగా వదిలిన పొలంలో దాని సంఖ్య పడిపోతుంది.

మన్యంలో చోడి, సామ, వలిసె, కందికి శిలీంధ్రం తోడు ఉంటుంది. చింతపల్లి వైపు పండించే రాజ్మాకు బుడిపెలు, శిలీంధ్రం రెండూ ఉంటాయి. అరకు కాఫీ తోటల్లో ఒక తమాషా చూడవచ్చు. కాఫీ మొక్క వేరుశిలీంధ్రం మీద బాగా ఆధారపడుతుంది. దానికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ ప్రోటియేసీ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబపు చెట్లు సాధారణంగా ఈ శిలీంధ్రాన్ని పెట్టుకోవు, గుత్తులుగా సన్నని పిల్లవేళ్లు వేసి ఆమ్లాలు వదిలి తమ భాస్వరం తామే సంపాదించుకుంటాయి. ఒకే తోటలో, ఒకే మట్టిలో రెండు వేరు వేరు దారులు. క్యాబేజీ, ఆవ, ముల్లంగి కూడా శిలీంధ్రాన్ని రానివ్వని కుటుంబానికి చెందినవే. తోటకూర, పాలకూర కుటుంబంలోనూ అది చాలా తక్కువ. ఈ పంటలకు వ్యామ్ పొట్లం కొనడం డబ్బు దండగ.

7. పొట్లం కొనేముందు

జీవన ఎరువులు కేంద్రప్రభుత్వ 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వస్తాయి, వేరుశిలీంధ్రపు ఎరువులకు కూడా ప్రమాణాలు ఉన్నాయి. రైజోబియంలా దీన్ని సీసాలో ఒంటరిగా పెంచలేరు. బతికిన వేళ్ల మీదే పెంచి, ఆ వేరుముక్కలు, సిద్ధబీజాలు కలిసిన మట్టినో పొడినో అమ్ముతారు. ఎండలో పడి ఉన్న పొట్లంలో బతికి ఉన్నది ఎంతో కంటికి తెలియదు. విత్తనం లేదా నారు వేరు పక్కన పడితేనే పని, పైన చల్లితే వృథా. నారుమళ్లలో, పాలిథిన్ సంచుల్లో పెంచే కాఫీ, మామిడి, సరుగుడు మొక్కలకు ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే అక్కడి మట్టిలో శిలీంధ్రం సహజంగా తక్కువ. ఏళ్లుగా మెట్ట పంటలు పండుతున్న చేనులో అది అప్పటికే ఉంటుంది. దాన్ని కాపాడుకోవడం పొట్లం కంటే చవక.

దాన్ని పోగొట్టే పనుల్లో మొదటిది మోతాదు మించిన భాస్వరం. డీఏపీ ధారాళంగా వేసిన పొలంలో మొక్కకు భాస్వరం తేలిగ్గా దొరుకుతుంది, చక్కెర పెట్టి పనివాణ్ణి పోషించడం అనవసరమని వేరు తలుపు మూసేస్తుంది. వేళ్లు వదిలే స్ట్రైగోలాక్టోన్ అనే ఆహ్వాన రసాయనమే తగ్గిపోతుంది. దానితో పాటు ఆ దారిన వచ్చే అమ్మోనియం కూడా ఆగిపోతుంది. మట్టి పరీక్ష చేయించి భాస్వరం తగ్గించుకోవడం, ఈ కారణంగా, నత్రజని పోషణకు కూడా సంబంధించిన నిర్ణయమే.

8. కళ్లతో చూడటం

మీ అధ్యయన కేంద్రంలో ప్రయోగశాల తరగతులు జరిగేటప్పుడు ఈ పరిశీలన చేయవచ్చు. చోడి లేదా మొక్కజొన్న సన్నవేళ్లు, పోల్చడానికి ముల్లంగి సన్నవేళ్లు తీసుకుని బాగా కడగండి. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడిచేస్తే కణాల్లోని పదార్థం పోయి వేరు తేటపడుతుంది. ఈ ద్రావణం చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది, చేతి తొడుగులు లేకుండా, అధ్యాపకులు లేకుండా ముట్టవద్దు. వేళ్లను కడిగి, వెనిగర్‌లో 5 శాతం సిరా కలిపిన ద్రావణంలో మూడు నిమిషాలు మరిగించండి. కొద్దిగా వెనిగర్ చుక్కలు వేసిన నీటిలో అదనపు రంగు పోయేదాకా కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టండి.

చోడి వేరులో కణాల మధ్య సాగే తంతువులు, కొన్ని కణాల్లో పొదల్లాంటి ఆర్బస్క్యూల్స్, అక్కడక్కడ గుండ్రని వెసికిల్స్ సిరా రంగులో కనిపిస్తాయి. ముల్లంగి వేరు దాదాపు ఖాళీగా ఉంటుంది. రంగు పట్టిన తంతువుల్లో బతికున్నవీ చచ్చినవీ కూడా ఉంటాయి. సిరా శిలీంధ్రం ఉనికిని చూపుతుంది, అంతే. అది ఆ మొక్కకు నత్రజని తెచ్చిందా, తెస్తే ఎంత అన్నది తేలాలంటే నత్రజని-15 తో గుర్తుపెట్టిన ఎరువును తంతువులు మాత్రమే చేరగల చోట ఉంచి, ఆకులో ఆ గుర్తు కోసం వెతకాలి.